ఒకే లెక్క మూడుసార్లు

ఆఫీసులో ఆవిడని అందరూ పట్టకారు అంటారు. చాటుగా కాదు, మొహం మీదే అంటారు, ఆవిడా పలుకుతుంది. ఏదైనా తప్పుని పట్టుకుందంటే అది చల్లారేదాకా వదలదని ఆ పేరు. డేటాబేసు తయారుచేసే ఆ కంపెనీలో చేరి పన్నెండేళ్ళయింది. ఈ పన్నెండేళ్ళలో మేనేజర్లు అయిదుగురు మారారు, బిల్డింగులు రెండు మారాయి, ఆవిడ కళ్ళజోడు నంబరు ఎన్నిసార్లు మారిందో ఆవిడకే గుర్తులేదు. మారనిదల్లా పక్క సీటు. అది మాస్టారిది.

మాస్టారంటే బడిలో పాఠాలు చెప్పే మనిషి కాదు. కంపెనీలో అందరికంటే పాతవాడు, కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ మొదటి ఆర్నెల్లు పక్కన కూర్చుని పని నేర్పినవాడు. డేటాబేసులో అన్నిటికంటే చిక్కు భాగం ఆయన కనుసన్నల్లో ఉంటుంది. ఆయన చదివి సరే అనకుండా అందులో ఒక్క అక్షరం మారడానికి వీల్లేదు, అది అక్కడి కట్టుబాటు. ఆ సరే అనడానికి ఆయన ఒక్కోసారి రెండ్రోజులు తీసుకుంటాడు. తొందరపడేవాళ్ళు పళ్ళు నూరుకుంటారు గానీ, ఆయన చదివాక మళ్ళీ తప్పు బయటపడిన సందర్భం ఎవరికీ గుర్తులేదు.

ఆ చిక్కు భాగం పేరు లాక్ మేనేజరు. పని చెప్పుకుంటే తేలికే. రికార్డు ఒకటే, అందులో రాయాలని ఎగబడేవాళ్ళు వందమంది. ఒకరు రాస్తుంటే మిగతావాళ్ళని ఆపాలి. ఏ రికార్డు తాళం ఎవరి చేతిలో ఉందో గుర్తుపెట్టుకోవడానికి దాని దగ్గర వేల అరలుంటాయి. ఏ తాళం ఏ అరలో ఉందో తెలియాలంటే రికార్డు చిరునామా తీసుకుని ఒక లెక్క కట్టాలి. దాన్నే హ్యాష్ అంటారు. చిరునామా మారనంతకాలం ఎన్నిసార్లు కట్టినా జవాబు ఒకటే. అందుకని ఒకసారి కడితే చాలు.

సోమవారం ఉదయం పట్టకారుకి దొరికిన తప్పు సరిగ్గా అక్కడే ఉంది. తమ డేటాబేసు వాడే ఒక ఆసుపత్రివాళ్ళు వారం నుంచి మొత్తుకుంటున్నారు: పొద్దున రోగులు బారులు తీరే వేళకి సిస్టం నత్తనడక నడుస్తోందని, కౌంటర్లో కూర్చున్న అమ్మాయిలు తిట్లు తింటున్నారని. ఆవిడ వాళ్ళ రద్దీలాంటి రద్దీని తన మెషీను మీద సృష్టించి, సమయం ఎక్కడ ఖర్చవుతోందో చూసింది. పట్టికలో అన్నిటికంటే పైన ఆ హ్యాష్ కట్టే ఫంక్షను కూర్చునుంది. ఆవిడకి అనుమానం వచ్చింది. పెన్సిలు తీసుకుని, ఒక్క తాళం అడిగిన దగ్గర్నుంచి తిరిగిచ్చేదాకా కోడు ఎటు పోతోందో కాగితం మీద గీసుకుంటూ వెళ్ళింది. హ్యాష్ కట్టిన ప్రతిచోటా ఒక టిక్కు పెట్టింది. అరలన్నీ ముక్కలుగా పంచి ఉంటాయి, ఏ ముక్కలో వెతకాలో తేల్చుకోవడానికి ఒక టిక్కు. ఆ ముక్కలో అర వెతకడానికి ఇంకో టిక్కు. తాళం తిరిగిచ్చేటప్పుడు మరో టిక్కు.

"ఎవరు రాశారో గానీ వాళ్ళ చేతులు పడిపోనూ!" అంది పైకే.

మాస్టారు తన తెర మీంచి కళ్ళు తిప్పి చూశాడు. "ఏమైందమ్మా?"

"ఒకే లెక్క మూడుసార్లు కట్టారు మాస్టారూ. అదే చిరునామా, అదే జవాబు. ఒకసారి కట్టి ఆ జవాబు చేత్తో పట్టుకుని పోవచ్చు కదా!"

ఆయన కుర్చీ జరుపుకుని వచ్చి కాగితం చూశాడు. మూడు టిక్కుల మీదా వేలు పెట్టుకుంటూ వెళ్ళాడు. "ఏదో తొందరలో రాసుంటారులే," అన్నాడు.

"తొందరైతే ఒకసారి రాస్తారు గానీ మూడుసార్లు రాస్తారా?"

మాస్టారు నవ్వేసి తన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

మొదటిసారి కట్టిన జవాబుని కిందికి అందించడమంటే, కింద ఉన్న ఫంక్షన్లన్నీ దాన్ని అందుకునేలా మార్చాలి. ముప్ఫై ఒక్క చోట్ల మార్పు. పట్టకారు మధ్యాహ్నం భోజనం డబ్బా పక్కనే పెట్టుకుని, ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో టైపు చేసింది. సాయంత్రం నాలుగింటికి మార్పుకి ముందు పదిసార్లు, మార్పు తర్వాత పదిసార్లు కొలిచింది. నూటికి పదకొండు వంతుల వేగం పెరిగింది. ఇలాంటి పాత కోడులో అంత దొరకడమంటే మాటలు కాదు. ఒంటికి రెక్కలొచ్చినట్టయింది ఆవిడకి. గ్రాఫు గీసి, కింద "అనవసరంగా మూడుసార్లు కడుతున్న హ్యాష్ లెక్కని ఒకసారికి తగ్గించడం" అని రాసి, మేనేజరుకి పంపి, మార్పుని మాస్టారి పరిశీలనకి పెట్టి ఇంటికెళ్ళింది. దారంతా ఏదో కూనిరాగం తీసుకుంటూనే ఉంది.

మంగళవారం పొద్దున పక్క సీటు ఖాళీగా ఉంది. మంగళ, శుక్రవారాల్లో మాస్టారు మధ్యాహ్నం వస్తాడు. భార్యకి మూత్రపిండాలు పాడై నాలుగేళ్ళయింది, వారానికి రెండుసార్లు డయాలసిస్. ఆవిడ్ని ఆయనే తీసుకెళ్ళి, మెషీను పక్కన కూర్చుని, తీసుకొచ్చి ఇంట్లో పడుకోబెట్టి వస్తాడు. ఖర్చంతా కంపెనీ ఆరోగ్య బీమాలో పోతుంది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళు ఆ బీమా ఉంటుంది. ఆయన రిటైరవడానికి ఇంకా పద్నాలుగు నెలలుంది. రిటైరైనవాళ్ళకి బీమా కొనసాగుతుంది గానీ మధ్యలో ఉద్యోగం పోయినవాళ్ళకి కొనసాగదు.

పదకొండింటికి మేనేజరు పట్టకారుని తన అద్దాల గదిలోకి పిలిచాడు. అతనికి నలభై కూడా నిండలేదు, అప్పుడే టేబులు మీద గ్యాస్ మాత్రల అట్ట లేనిదే కూర్చోలేడు.

"మేడమ్, మీ గ్రాఫు అదిరిపోయింది," అంటూ తెర ఆవిడ వైపు తిప్పాడు. "గురువారం హెడ్డాఫీసు నుంచి పెద్ద మేడమ్ వస్తున్నారు. ఇది చూపిస్తున్నాను. మీరే వచ్చి వివరించాలి."

తెర మీద ఆవిడ గ్రాఫే ఉంది. దాని పక్కన ఆ మూడు లైన్ల కోడు, వాటి చుట్టూ ఎర్ర గీతతో ఒక పెట్టె. పెట్టెలో మాస్టారి పేరు, కింద, "ఈ కోడు వల్ల ఇన్నేళ్ళుగా వృథా అయిన సామర్థ్యం" అని రాసుంది.

"ఇదేంటండీ?" అంది పట్టకారు.

"ఆ లైన్లు ఎవరివో చూశాను. ఆయనవే."

"ఎవరివైతే ఏం? పేరెందుకు పెట్టారు?"

మేనేజరు ఒక మాత్ర నోట్లో వేసుకుని కాసేపు చప్పరించాడు. తలుపు మూసుందో లేదో చూసుకుని గొంతు తగ్గించాడు. "ప్రతి టీము నుంచీ ఒక పేరు అడిగారు మేడమ్. ఒక్కటి. నెలాఖరుకి ఆ మనిషిని ఉద్యోగంలోంచి పంపించెయ్యాలి. గురువారం సాయంత్రం అయిదింటికి జాబితా పైకి వెళ్తుంది. నాకేమైనా సరదానా చెప్పండి? ఎవరి పేరు రాయాలో తెలీక పది రోజులుగా నిద్రలేదు. మీ గ్రాఫు వచ్చింది, కాస్త ఊపిరాడింది. నేను ఊరికే తీసేశానని ఎవరూ అనడానికి లేదు. కారణం కళ్ళెదురుగా ఉంది కదా."

"ఆయన భార్య..."

"తెలుసు," అన్నాడు మేనేజరు, "దయచేసి ఆ సంగతెత్తకండి." అతని మొహం చూస్తే అబద్ధమాడుతున్నట్టు లేదు. ఆవిడకి అతన్ని తిట్టాలన్నా నోరు రాలేదు. తన గ్రాఫు, తన మాటలు, తను కట్టిన పదకొండు వంతులు, అన్నీ తీసుకెళ్ళి ఒక ముసలాయన మెడకి చుట్టారు. లేచి వచ్చి సీట్లో కూర్చుంది. మధ్యాహ్నం మాస్టారు వచ్చాడు, టిఫిను సంచి కుర్చీకి తగిలించాడు, చేతులు తుడుచుకుని, నిన్న ఆవిడ పంపిన మార్పు తెరిచి మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టాడు. ఆవిడ ఆయన వైపు చూడలేకపోయింది.

సాయంత్రం ఇంట్లో కూతురు నేల మీద అట్టముక్కలు పరిచి బడికోసం ఏదో వంతెన అంటిస్తోంది. భర్త బల్ల దగ్గర కూర్చుని రిపోర్టులు రాసుకుంటున్నాడు. ఆయన లిఫ్టులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. పట్టకారు చెప్పిందంతా కలం ఆపకుండానే విన్నాడు.

"ఆ లైన్లు మాస్టారివేనని నువ్వు చూశావా?" అన్నాడు చివరికి.

"మేనేజరు చూశాట్ట. అయినా ఆ భాగమంతా ఆయన రాసిందేగా."

"ఆ 'ట్ట' దగ్గరే వస్తుంది చిక్కు. లిఫ్టు ఎక్కడైనా ఆగిపోయిందనుకో, ముందు చివరి సంతకం ఎవరిదో చూసి వాణ్ణి పట్టుకుంటారు. వాడు పాపం తలుపుకి నూనె రాసి సంతకం పెట్టినవాడై ఉంటాడు. తాడు వదులుగా బిగించినవాడు ఎక్కడో హాయిగా ఉంటాడు. నేనైతే మొత్తం రిజిస్టరు వెనక్కి తిప్పకుండా ఒక్క ముక్క రాయను."

"తిప్పి చూసి, ఆయనదే అని తేలితే?"

"తేలితే తేలింది. చూడకుండా కూర్చుని బాధపడితే ఏం లాభం?"

"అమ్మా, ఇక్కడ వేలు పెట్టి పట్టుకో," అంది కూతురు. పట్టకారు నేల మీద కూర్చుని, బంక ఆరేదాకా వంతెన కాలుని రెండు వేళ్ళతో పట్టుకుంది. మనసు మాత్రం అక్కడ లేదు.

బుధవారం అందరికంటే ముందే ఆఫీసుకొచ్చింది. ప్రతి లైను పక్కనా అది ఆఖరున మార్చినవాళ్ళ పేరు, తేదీ చూపించే కమాండు ఒకటుంది. లాక్ మేనేజరు ఫైలు మీద దాన్ని నడిపింది. మేనేజరు చెప్పింది నిజమే, ఆ మూడు లైన్ల పక్కనా మాస్టారి పేరుంది. కిందికి తిప్పింది. తర్వాతి లైనుకీ మాస్టారి పేరే. దాని తర్వాతిదానికీ. ఉత్త బ్రాకెట్టు ఉన్న లైనుకి కూడా ఆయన పేరే. నాలుగు వేల లైన్లకీ ఒకటే పేరు, ఒకటే తేదీ.

ఒక్క రోజులో నాలుగు వేల లైన్లు ఏ మనిషి రాస్తాడు? ఆవిడ ఆ తేదీన ఏం జరిగిందో తీసింది. మాస్టారు ఆ రోజు ఫైలంతా సర్దాడు. అంతకుముందు లైన్ల మొదట్లో కొందరు ట్యాబులు, కొందరు ఖాళీలు వదిలి ఇష్టం వచ్చినట్టు రాసేవాళ్ళట. ఆయన అన్నిటినీ నాలుగు ఖాళీలకి మార్చాడు. అంతే. లోపల ఒక్క మాట ముట్టుకోలేదు. చిందరవందరగా ఉన్న గదిని ఊడ్చినందుకు గదిలో సామానంతా ఆయన ఖాతాలో పడింది. పట్టకారు కుర్చీలో ఒక్క ఎగురు ఎగిరింది. మేనేజరు ఆ పైపొర చూసి ఊరుకున్నాడు. దాని వెనక్కి వెళ్ళడం అతనికి తట్టి ఉండదు.

ఆవిడ వెనక్కి వెళ్ళింది. ఫైలు సర్దకముందు ఆ మూడు లైన్లూ ఎవరివో అడిగింది. మొదటి లైను పక్కన పేరొచ్చింది. రెండోదాని పక్కన అదే పేరు. మూడోదాని పక్కనా అదే.

అది ఆవిడ పేరే.

కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. తేదీ పదకొండేళ్ళ కిందటిది. ఒకే పట్టికగా ఉన్న అరలని పదహారు ముక్కలు చేసి, రద్దీని పంచిన మార్పు అది. ఆవిడ మొదటి పెద్ద పని. ఆ ఏడాది కంపెనీ సభలో చప్పట్లు కొట్టించుకున్న పని. పదహారు ముక్కలు చేసిన సంగతి ఆవిడకి నిన్నటిలా గుర్తుంది. ఆ ముక్కల కోసం లెక్క మళ్ళీ మళ్ళీ కట్టిన సంగతి మాత్రం ఎంత తవ్వినా గుర్తు రాలేదు. మనిషి బుర్ర తనకి కావలసింది దాచుకుని మిగతాది పారబోస్తుంది మరి.

ఆ మార్పు కింద అప్పటి రాతకోతలు అలాగే ఉన్నాయి. ఆవిడ రాసింది: "మాస్టారూ, హ్యాష్‌ని మళ్ళీ కట్టాల్సి వస్తోంది. కిందికి అందించాలంటే మీ ఫంక్షన్లన్నీ మార్చాలి, ఈ వారంలో అవదు. ఇప్పటికి ఇలా ఉంచొచ్చా?" ఆయన జవాబు: "ఉంచమ్మా. శుక్రవారం నుంచి నీకు కాన్పు సెలవు. ఇది పూర్తిచేసి నిశ్చింతగా వెళ్ళు. వచ్చాక ఇద్దరం కూర్చుని ఒకసారికి తగ్గిద్దాం. ఆరోగ్యం జాగ్రత్త." కింద ఆయన సరే అన్న గుర్తు.

మాస్టారు తొమ్మిదిన్నరకి వచ్చాడు. ఆవిడ ఏమీ చెప్పకుండా తెర చూపించింది. ఆయన వంగి చదివి, "దీన్ని ఎందుకు తవ్వావమ్మా?" అన్నాడు.

"మీకు గుర్తుందా?"

"సోమవారం వాళ్ళ చేతులు పడిపోనూ అన్నావు చూడు, అప్పుడు నీ చేతుల వంకే చూశాను," అని నవ్వాడు. ఆవిడకి నవ్వు రాలేదు. ఆయన కూడా నవ్వాపి, "పద, మెట్ల దగ్గరికి," అన్నాడు.

మెట్ల దగ్గర ఎవరూ లేరు. ఆవిడ ఎర్ర పెట్టె గురించి, జాబితా గురించి గబగబా చెప్పేసింది. ఆయన రెయిలింగు పట్టుకుని నిలబడి విన్నాడు.

"నిన్న సాయంత్రమే విన్నాను. మేనేజరు పాపం నా మొహం చూడలేక లిఫ్టు మానేసి మెట్ల దారి పట్టాడు."

"విని ఊరుకున్నారా? ఆ లైన్లు నావని చెప్పొచ్చు కదా!"

"రాసింది నువ్వు. సరే అన్నది నేను. నేను సరే అనకపోతే అది లోపలికి వచ్చేదా? వచ్చాక తగ్గిద్దాం అని చెప్పి మర్చిపోయిందీ నేనే. చంటిపిల్లతో రాత్రుళ్ళు నిద్రలేకుండా వచ్చేదానివి, నీకు గుర్తుండాలంటే ఎలా?"

"మాస్టారూ, అమ్మగారి డయాలసిస్ సంగతేంటి?"

ఆయన చొక్కా అంచుతో కళ్ళజోడు తుడుచుకున్నాడు. తుడిచిందే తుడిచాడు. "చూద్దాం. ఏదో దారి దొరక్కపోదు," అన్నాడు. దారి లేదని ఇద్దరికీ తెలుసు.

"నేను చెప్పేస్తాను."

"చెప్పకు. నామాట విను. నీకు నలభై నాలుగేళ్ళు. ఈ వయసులో బయటికి నెడితే మళ్ళీ ఎవరు పిలుస్తారు? పెట్టెలో పేరు మారుతుంది గానీ పెట్టె మాయమైపోదు."

పట్టకారు అద్దాల గదికి వెళ్ళడమైతే వెళ్ళింది. మేనేజరుకి పాత చరిత్రంతా చూపించింది. అతను చివరిదాకా చూసి, తల పట్టుకున్నాడు.

"అయితే పెట్టెలో ఎవరి పేరు పెట్టమంటారు మేడమ్?" అన్నాడు. వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. "చెప్పండి, మార్చేస్తాను."

ఆవిడ చెప్పబోయింది. తన కుర్చీ, తన పెన్సిలు, పన్నెండేళ్ళుగా పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలో తెలిసిన జీవితం, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఎదురుగా మాత్రల అట్ట. అందులో రెండే మిగిలున్నాయి. వాటికేసి చూస్తూ నీళ్ళు నమిలింది.

"ఆలోచించుకుని చెప్తాను," అంది.

బయటికొచ్చాక ఆవిడ మీద ఆవిడకే అసహ్యం వేసింది. ఇతరుల తప్పయితే పట్టకారు, తన తప్పయ్యేసరికి పట్టు జారిపోయింది. ఆ రోజంతా పనిచేస్తున్నట్టు తెర ముందు కూర్చుంది గానీ ఒక్క లైను రాయలేదు. సాయంత్రం భర్తకి జరిగింది చెప్పింది. ఆయన కలం పక్కన పెట్టాడు.

"నా జీతంతో బతకలేమా ఏం," అన్నాడు. "నీకు పని లేకపోతే పిచ్చెక్కుతుంది, అదీ నా భయం. ఆ భయం నాది. నువ్వు దాన్ని లెక్కలోకి తీసుకోకు."

గురువారం పదకొండింటికి సమావేశం. పెద్ద మేడమ్ జుట్టు బాగా కత్తిరించుకున్న, మాట పొదుపైన మనిషి. గదిలో ఆవిడతోపాటు మేనేజరు, సిబ్బంది విభాగం నుంచి ఒకాయన, పట్టకారు. గోడ మీద గ్రాఫు పడింది. పట్టకారు లేచి అయిదు నిమిషాలు వివరించింది. లెక్క మూడుసార్లు ఎక్కడెక్కడ కడుతున్నారో, ఒకసారికి ఎలా తగ్గిందో చెప్పింది. గొంతు వణకలేదు, కోడు గురించి మాట్లాడేటప్పుడు ఆవిడ గొంతు ఎప్పుడూ వణకదు.

"బాగుంది," అంది పెద్ద మేడమ్. "ఈ లైన్లు రాసినది..." అని పెట్టెలో పేరు చదివింది.

"కాదండీ," అంది పట్టకారు. "నేను."

మేనేజరు కళ్ళు మూసుకున్నాడు. పట్టకారు తన మెషీను ముందుకి జరిపి, ఫైలు సర్దిన తేదీ, దాని వెనక తన పేరు, ఆ కింద రాతకోతలు చూపించింది. ఆయన పేరు ఎందుకొచ్చిందో రెండు మాటల్లో చెప్పింది. కాన్పు సెలవు గురించి చదవబోతే పెద్ద మేడమ్ చెయ్యి ఎత్తి ఆపింది.

"అర్థమైంది. అయితే పేరు మార్చండి," అంది మేనేజరుతో.

"ఎవరి పేరూ లేకుండా ఉంచొచ్చు కదండీ? తప్పు రాసినవాళ్ళమే దిద్దుకున్నాం," అంది పట్టకారు.

"మీరు చెప్పింది నిజమే. కానీ ఖాళీ పెట్టెతో నేను పైకి వెళ్ళలేను." ఆవిడ గొంతులో కోపం లేదు, జాలి కూడా లేదు. "ఇంకెవరిదైనా ఉంటే అయిదులోపు చెప్పండి."

ఇంకెవరిది? పక్క టీము అమ్మాయి పేరా? నిన్నగాక మొన్న చేరినవాళ్ళదా? మేనేజరు వేళ్ళు కీబోర్డు మీద పెట్టి, మాస్టారి పేరు చెరిపేశాడు. అక్కణ్ణుంచి వేళ్ళు కదల్లేదు. అందరూ గోడ మీద ఖాళీ పెట్టెని చూస్తున్నారు. పట్టకారు అతని చేతి కింద నుంచి కీబోర్డు తన వైపు లాక్కుని, తన పేరు తనే టైపు చేసింది.

సీటు దగ్గరికొచ్చేసరికి మాస్టారు రెండో టీ తాగుతున్నాడు. ఆవిడ మొహం చూసి కప్పు కింద పెట్టాడు.

"పెట్టెలో పేరు మార్పించేశాను మాస్టారూ."

ఆయనకి అంత కోపం రావడం ఈ పన్నెండేళ్ళలో ఆవిడ చూడలేదు. మొహం ఎర్రబడింది. "ఎవరడిగారు నిన్ను? చెప్పకు అన్నానా లేదా? అంత పెద్దదానివైపోయావా?" నలుగురు తలలు తిప్పి చూశారు. ఆయన గొంతు తగ్గించాడు. "నేను మోస్తాను అన్నాను కదమ్మా. ఎందుకు లాక్కున్నావు?"

"నాది కాబట్టి."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తెరిచాక గోడ గడియారం చూశాడు. పన్నెండున్నర.

"నేనింకా సరే అనలేదు," అన్నాడు.

"ఏంటి?"

"నీ మార్పు. అది ఇంకా నా పరిశీలనలోనే ఉంది. అందులో తప్పుంటే నీ కొలతలు చెల్లవు, గ్రాఫు చెల్లదు. ఎర్ర పెట్టె దేనికి పెడతారు అప్పుడు? అయిదింటిదాకా టైముంది." కళ్ళజోడు పెట్టుకుని తెరకి దగ్గరగా జరిగాడు. "ఇలా కూర్చో."

ఆవిడ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. ఆయన మొదటి చోటు నుంచి మొదలుపెట్టాడు. ఒక్కో లైను మీద పెన్సిలు మొన ఆనించి చదివాడు.

"మధ్యలో చిరునామా మారితే? పాత జవాబు పట్టుకుని తిరుగుతావు కదా, తప్పు అర దగ్గరికి పోతావు," అన్నాడు ఆశగా.

"మారకుండా పైనే ఆపాను మాస్టారూ. నలభయ్యో లైను."

నలభయ్యో లైను చూశాడు. నిజమే. "తాళం కోసం ఎదురుచూస్తూ ఉండగా, అడిగినవాడు మధ్యలో మానుకుంటే?"

"అక్కడా జవాబు అందించాను. దానికి పరీక్ష కూడా రాశాను."

ఆ పరీక్ష తెరిచి నడిపించాడు. పాసైంది. ఆయన మొహం చిన్నబోయింది. ఇద్దరు ఎదురెదురుగా ఒకరి తాళం కోసం ఒకరు ఆగిపోయిన పరిస్థితి కల్పించాడు. మెషీను మధ్యలో ఆపేసి మళ్ళీ లేపాడు. వెయ్యిమంది ఒక్కసారిగా మీద పడినట్టు చేశాడు. ఒక్కోటీ పాసవుతుంటే ఆయన ఒక్కో నిట్టూర్పు విడిచాడు. భోజనానికి లేవలేదు. మూడింటికి ఇరవయ్యో చోటు దగ్గర ఉన్నాడు, నాలుగింటికి ఇరవై ఎనిమిదో చోటు. పట్టకారుకి నడుం పీకేస్తోంది. తన కోడులో తప్పు దొరికితే బాగుండునని మనసారా కోరుకోవడం ఆవిడకి ఇదే మొదటిసారి. దొరకదని కూడా తెలుసు. ఇలా రాయడం ఎదురుగా ఉన్న మనిషి దగ్గరే నేర్చుకుంది.

ముప్ఫై ఒకటో చోటు కూడా అయ్యింది. నాలుగూ నలభై. మాస్టారు అభిప్రాయం రాసే చోట వేళ్ళు పెట్టి, "పద్దెనిమిదో చోట పొరపాటు ఉంది, మళ్ళీ చూడాలి" అని టైపు చేశాడు. పద్దెనిమిదో చోట ఏ పొరపాటూ లేదు. ఆయన ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. బొటనవేలితో కణత రుద్దుకున్నాడు. తర్వాత ఒక్కొక్క అక్షరమే వెనక్కి చెరుపుకుంటూ వచ్చి, చోటంతా ఖాళీ చేశాడు.

"వెతికానమ్మా," అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు నిలిచాయి. "ఎక్కడా తప్పు లేదు."

సరే అన్నచోట నొక్కి, ఆవిడ వైపు తిరక్కుండా అలాగే కూర్చున్నాడు.